తొమ్మిదో బల్ల

రామ్మూర్తినగర్, మూడో అంతస్తు. కరెంటు పోయింది.
ఫోను వెలుతురులో ఇరవై అట్టముక్కలు,
ఒక ఎర్ర స్కెచ్ పెన్ను.
పెళ్లికింకా వారం.

"నంబర్లు సాకు మేడమ్" అన్నాడు పొద్దున
హాలు మేనేజరు మంజునాథ.
ఆయన భాషలో సాకంటే చాలు,
మన భాషలో సాకంటే సాకే.
ఇంకేం, ఒకటో బల్లకి పేరు దొరికింది.
సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుపోయామని
ఇంట్లో తల దువ్వుకుంటూ ఫోను చేసేవాళ్లంతా
అక్కడే కూర్చోవాలి.

అట్లా మొదలైంది.

రాత్రి బండి తప్పిపోతుందని
సగం భోజనంలో లేచే మా పలాస మావయ్యలకి "బిరీన".
ఎదురుపడ్డవాణ్ణి ఆపి ఎక్కడికని అడక్కపోతే
ముద్ద దిగని ఓబులేశు జేజికి "యాడికి".

మండీలో వ్యాపారం చేసే వాళ్ల చిన్నాన్నకి
"ఎర్రగడ్డ" అని రాశాడు ఓబులేశు,
కదిరిలో అది ఉల్లిపాయ.
నా రూమ్మేటు రజిత, ఊరు జగిత్యాల,
నవ్వలేక మంచం మీంచి కిందికి దొర్లింది.
"మా దిక్కు ఎర్రగడ్డంటే పిచ్చి దవఖాన!
మీ చిన్నాయనను లేపి, గా బల్ల మాకియ్యి."
ఇచ్చేశాం.
చిన్నాన్నకి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.

పన్నెండేళ్లుగా మాటల్లేని మా పెదనాన్నలిద్దరికీ
తగువు దేనిమీదో అదే పెడదాం, "గట్టు" అన్నాను.
అమ్మ ఫోనులోనే తిట్టింది.
కొట్టేసి "మావిడి తాండ్ర" అని రాశాం,
నోరు అతుక్కుంటే గొడవే ఉండదు కదా.

"గుంట" అనే అట్ట చూసి
నీళ్ల గుంటా, ఎండిన గుంటా అన్నాడు ఓబులేశు.
పావుగంట నేను మాట్లాడలేదు.
గుంటంటే పిల్ల. మా వీధిలో
ముప్పై దాటినా నేనింకా సిన్నగుంటనే.
చివరికి అది పిల్లల బల్లకి వెళ్లింది.

తొమ్మిదోది ఎవర్నీ అడగలేదు.
"అప్ప" అని రాసి, అక్షరాలు రెండుసార్లు దిద్దాను.
జీడిపిక్కలు కొట్టి కొట్టి వేలిముద్రలరిగి
ఆధార్ మిషను ముందు
చేతులు కొంగుకి తుడుచుకుంటూ, మళ్లీ తుడుచుకుంటూ
నిలబడ్డ మా అప్ప.
తోడబుట్టిన పెద్దది.
ఈ ఒక్క బల్లకి నవ్వు అక్కర్లేదనుకున్నాను.

పెళ్లినాడు చూస్తే ఆ బల్ల నిండిపోయింది.
ముత్యాలప్ప, నారాయణప్ప, హనుమంతప్ప,
ఇంటి ఓనరు చన్నబసప్ప,
పేరు చివర అప్ప ఉన్న ప్రతి పెద్దమనిషీ
తనకోసమే రాశారని మురిసిపోయి
భుజాన తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు.
"అప్ప అంటే తండ్రే కదమ్మా" అంటూ
ఓనరుగారి వియ్యంకుడు కూడా, పేరు రాజశేఖర్.

"బిరీన" బల్లకి వడ్డన ఇంకా రాలేదు.
"సాకు" ఖాళీ.

మా అప్ప వచ్చి, అట్టముక్క ముందు వంగి
కూడబలుక్కుని చదివింది.
బల్ల చుట్టూ ఒకసారి చూసింది.
"ఓలమ్మో, ఈ వూల్లో ఇంతమంది అప్పలేటే!"

ముత్యాలప్ప తలెత్తాడు.
"నీ పేరేందమ్మా?"
"నన్నందరూ అప్పంతారు బాబూ."
"అట్లయితే మా బల్లే గదా. రా తల్లీ, ఈడ జరుగుతాం."
కుర్చీలన్నీ ఒక్కసారే కిర్రుమన్నాయి.

పాయసం వచ్చాక మా అప్ప
జీడిపప్పొకటి వేళ్ల మధ్య పట్టి
దీపం వైపు తిప్పి చూసింది.
"మా వూరిది కాదు. మిమ్మల్ని మోసం సేసీసినారు."

నోటిదాకా తెచ్చిన చెంచాలు దించి
అప్పలందరూ
ఎవరి గిన్నెలోకి వాళ్లు
అనుమానంగా తొంగిచూశారు.